గోడ తిన్న కోడలు

ఆదివారం పొద్దున్నే కిటికీ తెరిచాను. కింది వాటాలో ఎవరో మునగాకు వేయిస్తున్నారు. చితక్కొట్టిన వెల్లుల్లి, కాస్త మాడనిచ్చిన ఎండుమిరపకాయ, వాటి మధ్య చిటపటలాడుతూ ముడుచుకుపోయే ఆకు. ఆ వాసన ఇనప మూకుడుకే వస్తుంది. అంటుకోని పెనాలు ఎన్ని మారినా వాటికి ఆ యోగం లేదు. చేతిలో కాఫీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకిప్పుడు యాభై దాటాయి. ఇద్దరు పిల్లల తల్లిని, నలుగురికి చెప్పగలిగినదాన్ని, నా నోటికి మా వీధిలో కాస్త పేరు కూడా ఉంది. అయినా ఆ వాసన తగిలితే చాలు, తమిళనాడులో వేలూరు శివారు బాగాయంలో ఒక చిన్న వాటాలో, అన్నం గిన్నె చూసి వణికే ఇరవైమూడేళ్ళ పిల్లనైపోతాను. ఆ పిల్లకు తినడం నేర్పినావిడ పేరు మునిరత్నమ్మ. అందరికీ రత్నక్క. ఆవిడ ఫొటో ఏ పేపర్లోనూ పడలేదు, ఆవిడ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నాకు రాయాలనిపించింది, రాస్తున్నాను.

రత్నక్క పుట్టింది పరదరామి వైపు పల్లెలో. మొగుడు సెంట్రింగు మేస్త్రీ, అంటే కాంక్రీటు పోయడానికి ముందు చెక్కలు, కర్రలు బిగించే పని. సిమెంటు కోసం వరసలో నిలబడే కాలం అప్పుడప్పుడే పోయింది. వేలూరు చుట్టూ ఎటు చూసినా ఇళ్ళు లేస్తున్నాయి, ఎటు విన్నా ఇసక జల్లించే చప్పుడే. స్లాబు వేసే రోజు పనివాళ్ళందరికీ ఇంటి యజమాని అన్నం పెట్టడం ఆ ప్రాంతంలో ఆనవాయితీ. ఆ వంట రత్నక్కది. పొద్దున్నే పెద్ద గుండిగ రిక్షాలో వేసుకుని, తను పక్కన నడుస్తూ బయల్దేరేది. మనిషి నిండుగా ఉండేది. నవ్వితే ముందు భుజాలు నవ్వేవి, తరవాత నోరు. తిండి విషయంలో సిగ్గు, మొహమాటం ఆవిడకు తెలియవు. వండుతూ రుచి చూసేది, వడ్డిస్తూ తినేది, అందరూ తిన్నాక కూర్చుని మళ్ళీ తీరిగ్గా తినేది. "వొండినోళ్ళు తినకపోతే తినేటోళ్ళకి అనుమానం వొస్తాది గదా," అని దానికో న్యాయం కూడా చెప్పేది.

నేను ఒంగోలు దగ్గర పల్లెటూరి పిల్లను. వేలూరు దగ్గరి గుడియాత్తం సంబంధం వచ్చినప్పుడు "వాళ్ళదీ తెలుగే కదా" అని మావాళ్ళు ధైర్యంగా ఇచ్చేశారు. తెలుగే. కాకపోతే మా అత్తగారింట్లో సగం వాక్యం తెలుగులో మొదలై తమిళంలో తేలేది. తరాలుగా అక్కడే ఉన్న వ్యవసాయం కుటుంబం. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతారు, ఒక్కరికీ తెలుగు అక్షరం రాదు. మా అమ్మ రాసిన ఉత్తరం నేను చదువుతుంటే మా అత్త కామాక్షమ్మ పక్కన కూర్చుని, "మన బాసను ఇట్ల గుండ్రంగా రాస్తారా!" అని ఆశ్చర్యపోయేది. మంచి మనిషే. తక్కువ మాటలు. మా ఇద్దరికీ పోట్లాడుకునేంత భాష కూడా కుదరలేదు, అదొక అదృష్టం.

పెళ్ళైన ఏడాదికి నీళ్ళోసుకున్నాను. మా అమ్మ ఎవరి చేతో చిమ్మిలి పంపింది, నువ్వులూ బెల్లమూ దంచి కట్టిన ఉండలు. ఆశగా రెండు తిన్నాను. ఆ వారంలోనే కడుపు పోయింది. మా అత్త నన్నొక్క మాట అనలేదు. వేడినీళ్ళు పెట్టింది, ఒళ్ళు తుడిచింది, పథ్యం వండింది. కానీ ఒకరోజు పెరట్లో పక్కింటావిడతో అంటుంటే విన్నాను, "నువ్వులు తినేసిందిమ్మా, అందుకే" అని. అంతే. తిట్టినా బాగుండేది, తిరిగి ఏడ్చేదాన్ని. ఆ "అందుకే" నా గొంతులో ముల్లులా దిగబడిపోయింది. నా బిడ్డను నేనే తిని పోగొట్టుకున్నానని నమ్మాను.

తరవాత మా ఆయన దామోదరానికి వేలూరులో ఒక బిల్డింగు కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు పని దొరికింది. బాగాయంలో వాటా తీసుకున్నాం. గోడ అవతల రత్నక్క ఇల్లు. అక్కడికి వచ్చిన కొన్నాళ్ళకే మళ్ళీ నెల తప్పింది. ఈసారి సంతోషం రాలేదు, భయం వచ్చింది. నువ్వులు సరే, వాటి జోలికి పోను. కానీ మిగతావి మాత్రం నమ్మేదెలా? బొప్పాయి వేడి, వంకాయ దురద, గుమ్మడికాయ వాతం, గుడ్డు వేడి, బెల్లం వేడి. ఎవరేది అంటే అది వదిలేశాను. ఇక చల్లగా మిగిలింది పాలూ అన్నం. దానికి తోడు వేవిళ్ళు, తిన్న పాలన్నం కూడా నిలిచేది కాదు. రాత్రి మా ఆయన "తిన్నావా" అంటే "తిన్నా" అనేదాన్ని. ఆయన నమ్మేవాడు. ఆయన నమ్మే రకం.

రత్నక్క నమ్మే రకం కాదు. ఒక మధ్యాహ్నం పచ్చిమిరపకాయలకని వచ్చి, వంటింట్లో రోలు వెనక గోడ దగ్గర ఆగిపోయింది. అక్కడ సున్నం పూత ఊడి, గచ్చు లోపలికి గుంట పడి ఉంది. నా గోళ్ళ సందుల్లో అదే సున్నం. ఆవిడ నా చెయ్యి పట్టుకుని గోళ్ళు చూసింది, గోడ చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"ఏందిమే ఇది, గోడ తింటా ఉండావా?" అంది.

నేను తల వంచుకున్నాను. తడిసిన గోడ వాసన వస్తే నాకు నోరూరిపోయేది. ఎవరూ చూడనప్పుడు గీరుకుని నాలుక మీద వేసుకునేదాన్ని. అన్నం అంటే భయం గానీ, గోడ తినొద్దని ఎవరూ చెప్పలేదు కదా!

రత్నక్క భుజాలు కదిలాయి. "మేం ఒకపక్క కట్టుకుంటా పోతా ఉంటే నువ్వు ఇంకోపక్క తింటా వొస్తావా? మేస్త్రీ ఇంటి పక్కన చేరాల్సిన కోడలివే!" అని నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి నా కంటి కింద రెప్ప వేలితో లాగి చూసింది. "నెత్తురు లేదు నీ వొంట్లో. ఒంగోలు ఆవు మాదిరి ఉండాల్సిన పిల్ల, ఎండుగడ్డి మాదిరి ఉండావు. రేపు డాక్టరమ్మ దగ్గరికి పోదాం. ఎందుకు తినకుండా ఉండావో అది ముందు చెప్పు," అంది. చెప్పాను. చిమ్మిలి సంగతి, పెరట్లో విన్న మాట, అన్నీ. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు, సముదాయించలేదు. కొంగుతో నా మొహం గట్టిగా తుడిచి, "ఏడ్చినావు గదా, ఆకలేస్తాది, ఉండు," అని ఇంటికెళ్ళి మజ్జిగలో పిసికిన రాగి సంగటి తెచ్చింది. పక్కన చిన్న ఉల్లిపాయ. నాలుగు గుక్కలు తాగాను. నిలిచింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ గదిలోకి నన్నొక్కదాన్నే పంపారు. రత్నక్క బయట బెంచీ మీద ఉండిపోయింది. ఆ డాక్టరమ్మది తమిళం, నాకు తమిళంలో వచ్చింది ఒకే మాట, "సరి". ఆవిడ రిపోర్టు చూసి, "ఇరుంబు సత్తు రొంబ కమ్మి," అంది. నేను "సరి" అన్నాను. ఇంకా చాలా చెప్పింది. అన్నిటికీ "సరి" అన్నాను. మాత్రలు రాసిచ్చింది, తీసుకున్నాను. బయటికొచ్చాక రత్నక్క "ఏమి చెప్పింది?" అంటే, చదువుకున్నదాన్ని కదా, నాకేమీ అర్థం కాలేదని చెప్పడానికి నామోషీ వేసి, "అంతా అర్థమైందిలే అక్కా" అనేశాను.

ఇంటికొచ్చి ఆలోచించాను. ఇరుంబు అంటే ఇనుము. మా ఆయన రోజూ ఇరుంబు కొట్టుకు పోతుంటాడు గనక తెలుసు. మా ఒంగోలు వైపు సత్తు అంటే అల్యూమినియం, సత్తు గిన్నెలు, సత్తు తపేలాలు. ఇక కమ్మి అంటే చెప్పాలా, ఇనప కమ్మి. ఇనుము, సత్తు, కమ్మి! మా ఆయన చేసే పని ఆవిడకెవరు చెప్పారా అనుకున్నాను. చివరికి నా తెలివి నాకు దారి చూపించింది. ఇనప మూకుట్లో కూర, సత్తు గిన్నెలో అన్నం వండుకోమని, కమ్మి ఎర్రగా కాల్చి మజ్జిగలో ముంచి తాగమని అయ్యుంటుంది. మా నాయనమ్మ కాలిన గరిటె కాడ మజ్జిగలో చుయ్యిమనిపించి బాలింతలకు ఇవ్వడం నేను చూశాను కదా. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, మా ఆయన సాయంత్రానికల్లా మూకుడు, గిన్నె, జానెడు కమ్మి ముక్క తెచ్చి గుమ్మంలో పెట్టాడు. పెళ్ళాం అడిగితే ఎందుకని అడిగే అలవాటు ఆయనకు లేదు.

మర్నాడు స్టవ్ మంట మీద పట్టకారుతో కమ్మి పట్టుకుని నిలబడి ఉండగా రత్నక్క వచ్చింది. "ఏం చేస్తా ఉండావు?" అంది. డాక్టరమ్మ చెప్పిన వైద్యం అన్నాను. "ఏమి చెప్పింది, ఆయమ్మ మాట ఆయమ్మ మాదిరే చెప్పు," అంది. చెప్పాను. రత్నక్క గోడకు ఆనుకుంది. గోడ చాలక నేల మీద చతికిలబడింది. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, మాట రావడం లేదు, చేత్తో నేలను కొడుతోంది. కాసేపటికి ఊపిరి తిరిగి, "ఒసే ఒంగోలమ్మా, సత్తు అంటే గిన్నె కాదు. తిండిలో ఉండే బలం. కమ్మి అంటే తక్కువ. నీ నెత్తురులో ఇనుము బలం తక్కువైంది, అట్లాంటి తిండి తిను అనిందమ్మా ఆ తల్లి. కమ్మి తినమని కాదు!" అంది. తరవాత పట్టకారు నా చేతిలోంచి తీసుకుని, "మూకుడు మంచిదే, దాన్ని ఉంచుకో. సత్తు గిన్నె మా కోళ్ళకిస్తా, నీళ్ళు తాగతాయి. కమ్మి నీ మొగుడికియ్యి, స్లాబులో ఏసుకుంటాడు," అని ముగ్గురికీ న్యాయం చేసింది.

తరవాతి సారి ఆవిడ బెంచీ మీద కూర్చోలేదు. నర్సు ఆపుతున్నా "ఈ బిడ్డకు అరవం రాదు" అంటూ లోపలికి వచ్చేసింది. డాక్టరమ్మ మా కమ్మి కథ విని కళ్ళజోడు తీసి మరీ నవ్వింది. అప్పుడు రత్నక్క కొంగు దోపుకుని ఒక్కొక్కటీ అడిగింది. నాకోసం అన్నీ తెలుగులో తిప్పి చెప్పింది. గుడ్డు? బాగా ఉడికించి తినొచ్చు. బొప్పాయి? పచ్చికాయ వద్దు, బాగా పండింది భయం లేదు. మునగాకు, పప్పులు, చిన్న చేపలు, బెల్లం? నిక్షేపంగా. మాత్ర కాఫీతో మింగొద్దు, నిమ్మకాయ నీళ్ళతో మింగితే ఒంటికి పడుతుంది. గోడ మీద ఆశ కూడా నెత్తురు లేకపోవడం వల్లే, నెత్తురు పడితే తగ్గుతుంది. మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది కదా అని రత్నక్క అడిగితే, అదేం లేదని డాక్టరమ్మ చెప్పింది. రత్నక్క ముక్కు మీద వేలేసుకుంది. "అయ్యో కడవుళే, దేవుడా! నేను మా పిల్లోళ్ళ కాలంలో మాత్రలన్నీ తూములో పోసేసినానే. అట్లయినా నల్లగానే పుట్టినారు గదమ్మా!" అంది. తన మాట తప్పని తేలితే అంత హాయిగా నవ్వుకునే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

చివరికి నువ్వుల మాట అడిగింది. నేను కింద చూస్తూ కూర్చున్నాను. డాక్టరమ్మ నవ్వు ఆపి, నా వైపు తిరిగి, నెమ్మదిగా మాట్లాడింది. రత్నక్క తిప్పి చెప్పింది. "తొలి నెలల్లో పోయే కడుపులు చాలామటుకు పిండం సరిగ్గా కట్టకపోవడం వల్లే పోతాయంట. తిన్నందుకు కాదంట, వొంగినందుకు కాదంట, మెట్లెక్కినందుకు కాదంట. ఉండ తిన్నందుకు అస్సలు కాదంట. విన్నావా? నీ బిడ్డను నువ్వు తినలేదు." చివరి మాట డాక్టరమ్మ చెప్పింది కాదని నాకప్పుడే తెలుసు.

విన్నాను. కానీ చెవి నమ్మినంత త్వరగా నాలుక నమ్మదు. అక్కడి నుంచి నాలుకను నమ్మించే పని రత్నక్క నెత్తికెత్తుకుంది. కంచం నిండా పెట్టి తినమని బలవంతం చేయడం ఆవిడ పద్ధతి కాదు. గోడ మీంచి తల పెట్టి, "ఈరోజు నోరు ఏమి అడగతా ఉండాది?" అనేది. పులుపంటే చింతచిగురు పప్పు, కారమంటే చెనిక్కాయల ఊరుబిండి అనే వేరుశెనగ పచ్చడి, ఏమీ అడగడం లేదంటే నిమ్మకాయ పిండి ఉప్పేసిన గంజి. ఒక్కోసారి ఒక్క ముద్ద, గంట పోయాక ఇంకో ముద్ద. "కడుపు నిండా ఒకేసారి కుక్కేదానికి ఇదేమన్నా సిమెంటు మూటా?" అనేది. ఆ కొత్త మూకుట్లో మునగాకు వేయించి, పెసరపప్పు చల్లి తెచ్చిన రోజు కంచం నాకినంత పని చేశాను. తినేటప్పుడు పక్కన కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. భయపడుతూ తిన్నది ఒంటికి పట్టదని ఆవిడ సిద్ధాంతం.

నా దగ్గర మా ఊరి నుంచి వచ్చే తెలుగు వారపత్రిక ఒకటి ఉండేది. అందులో గర్భిణులు తినవలసినవి అని ఒక పేజీ వస్తే పైకి చదివాను. ఆపిల్ పండ్లు, నల్ల ద్రాక్ష, జున్నుముక్కలు, పొద్దున్నే పళ్ళరసం. రత్నక్క శ్రద్ధగా విని, "ఇది రాసినామెకు కడుపొచ్చినప్పుడు సిమ్లాలో ఉండిందేమో," అంది. "ఆపిల్ అంటే మనకు జామకాయ. ద్రాక్ష అంటే నేరేడు. మిగిలింది మేకపాలు, అది ఎదురింట్లో అరస్తా ఉండాది," అని మొత్తం పేజీని బాగాయంలోకి దింపేసింది. స్లాబు రోజుల్లో నన్ను కూడా వెంట తీసుకుపోయేది. చెట్టుకింద పీట వేసి కూర్చోబెట్టి, గుండిగలోంచి మొదటి గరిటె నాకే పెట్టేది. వేడన్నం, కారంగా కూరగాయల సాంబారు, గుడ్డు పులుసు. సిమెంటు చేతులు కడుక్కుని వరసగా కూర్చున్న ఆడవాళ్ళు ఎంత ఇష్టంగా తినేవారో! వాళ్ళ మధ్య కూర్చుంటే నాకు తెలియకుండానే నా చెయ్యి కంచానికీ నోటికీ మధ్య పరుగెత్తేది. తడి కాంక్రీటు వాసన పక్కనే ఉన్నా ఆశ పుట్టలేదని ఒకరోజు గమనించాను. ఆ సంగతి చెబితే రత్నక్క, "పోనీలే, ఇంటాయన గోడలు బతికిపోయినాయి," అంది. నెత్తురు పెరిగిందని డాక్టరమ్మ కూడా చెప్పింది.

ఏడో నెలలో గుడియాత్తంలో సీమంతం పెట్టుకున్నారు. అక్కడ ఆ రోజు గాజులు తొడిగి, కలిపిన అన్నాలు రకరకాలుగా వండి గర్భిణి ఆకులో పెడతారు. పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, పెరుగన్నం, బెల్లం పొంగలి. వంట నాదే అని రత్నక్క ముందే ప్రకటించింది. ముందురోజు నేను వెళ్ళి, "అక్కా, నువ్వులన్నం కూడా చెయ్యి," అన్నాను. ఆవిడ చేస్తున్న పని ఆపి నన్ను చూసింది. అప్పటిదాకా అన్నీ తినిపించింది గానీ నువ్వుల పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. "నేను పెట్టను దాన్ని. నీకు నువ్వే తినాల. తింటావా?" అంది. తింటానన్నాను. నిజం చెప్పొద్దూ, నా ధైర్యంలో సగం పంతం. మా అత్త ఎదురుగా తినాలి, ఆవిడ చూడాలి. పెరట్లో అన్న ఆ మాట ఆవిడకు తిరిగి ఇచ్చేయాలి.

పీట మీద కూర్చున్నాను. చేతుల నిండా గాజులు, వాటితోపాటు వేపకాడను వంచి చేసిన గాజు. ఆకులో అన్నాలన్నీ వడ్డించారు. ఎర్రగా వేయించి దంచిన నువ్వుల పొడి కలిపిన అన్నం చివర్న ఉంది, వాసనకే తెలిసిపోతోంది. నేను ముందు దాని మీదే చెయ్యి పెట్టాను. ముద్ద ఎత్తానో లేదో, మా అత్త వచ్చి నా మణికట్టు పట్టేసుకుంది. గాజులు గలగలమన్నాయి.

"వద్దమ్మా," అంది మా అత్త. "కాళ్ళు పట్టుకుంటా. వద్దు."

నేను మొండిగా, "నువ్వులకు ఏమీ కాదని డాక్టరమ్మ చెప్పిందత్తా," అన్నాను.

"ఆయమ్మకు ఏమి తెలుసు? నేను తిన్నా," అంది మా అత్త. "దామోదరం కంటే ముందు ఒకటి ఉండింది నాకు. మూడో నెల. చేలో నువ్వులు కొడతా ఆకలేసి గుప్పెడు తిన్నా. మూడు దినాలకు పోయింది. మా అత్త అనింది, తినేసినావు గదే బిడ్డను అని. అప్పటినుంచి నువ్వు గింజ నోట్లో పెట్టలా. నాకు తెలిసుండీ నీకు చెప్పలేదు. ఆ చిమ్మిలి డబ్బా నీ చేతికి వొచ్చినప్పుడు నేను చూడలేదమ్మా. చూసుండాల్సింది. తప్పు నాదే."

నా చెయ్యి ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. నేను తిరిగి ఇచ్చేద్దామనుకున్న మాట ఆవిడ దగ్గర అప్పటికే ఉంది, నాకంటే చాలా ముందు నుంచి. పెరట్లో ఆవిడ అన్న "అందుకే" నా మీద నింద కాదు, తన మీద తను వేసుకున్నది. నాకు ఆవిడ మీద ఉన్న కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. దుఃఖం మాత్రం ఆగలేదు.

రత్నక్క గరిటె కింద పెట్టి వచ్చి మా ఇద్దరి ముందూ కూర్చుంది. ఆవిడ అంత మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. "వదినా, ఇన్నేండ్లు ఈ మాట మోసినావా?" అంది. మా అత్త తలూపింది. "నీ తప్పు కాదు వదినా. ఈ బిడ్డది కాదు, నీది కాదు. ఆకలేసి తిన్నావు. ఆకలేసి తినేది యాడైనా తప్పవతాదా?" అంది. మా అత్త నా మణికట్టు వదిలింది. నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నూనె, కారం, వేయించిన నువ్వుల కమ్మదనం. ఎంత బాగుందో! నమిలి మింగి, ఇంకో ముద్ద కలిపి మా అత్త నోటి దగ్గర పెట్టాను. సీమంతంలో కోడలికి అత్త తినిపించాలి గానీ అత్తకు కోడలు కాదు. ఆవిడ చాలాసేపు ఆ ముద్దనే చూసింది. తరవాత కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. నములుతూ ఏడ్చింది, ఏడుస్తూ నమిలింది. "ఉప్పు సరిపోయిందా వదినా?" అంది రత్నక్క. "కొంచెం కమ్మి," అంది మా అత్త. నేను, రత్నక్క ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వాం. ఎందుకు నవ్వామో అక్కడ ఇంకెవరికీ అర్థం కాలేదు.

కూతురు పుట్టింది. బొద్దుగా, గొంతు చించుకుని ఏడుస్తూ పుట్టింది. రత్నక్క మొదట అడిగింది బిడ్డ గురించి కాదు, నాకు ఆకలేస్తోందా అని. తరవాత మా ఆయన సొంతంగా పనులు పట్టాడు, మేం కాట్పాడి వైపు వచ్చేశాం. రత్నక్క కాలు నొప్పితో గుండిగలు మోయడం మానేసింది గానీ తినడం, తినిపించడం మానలేదు. నాకు కబురందే సరికి పోయింది. చివరి మధ్యాహ్నం పులుసు వేసుకుని రెండోసారి వడ్డించమందని ఆవిడ కోడలు చెప్పింది. మా అత్త అయితే గుడియాత్తంలో ఆడపిల్లలకు కడుపు పోయిందని వింటే చాలు, ఓపిక ఉన్నంతకాలం తనే వెళ్ళేది. మాటకారి కాదు కదా. వెళ్ళి కూర్చుని, "నాకూ పోయింది," అని మొదలుపెట్టేది.

ఇప్పుడు ఆ పని నాది. పోయిన నెల మా ఆయన దగ్గర పనిచేసే తాపీ మేస్త్రీ భార్యకు అలాగే జరిగింది. చిన్న పిల్ల, పెళ్ళై ఏడాది. నేను వెళ్ళేసరికి గుమ్మం దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు "పైనాపిల్ ముక్కలు తినిందంట" అని గుసగుసలాడుతున్నారు. వాళ్ళకు చెప్పాల్సింది వాళ్ళకు గట్టిగానే చెప్పి లోపలికి వెళ్ళాను. ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన కంచంలో అన్నం ఎండిపోయి ఉంది. మంచం అంచున కూర్చుని, నాకు తెలిసిందంతా చెప్పాను. నాకు పోయిందని, మా అత్తకు పోయిందని, ఎవరమూ ఏమీ తిని పోగొట్టుకోలేదని. ఇక లేద్దామనుకుంటుండగా ఆ పిల్ల ఇటు తిరిగింది. వాచిపోయిన కళ్ళతో నన్ను చూసి, "ఆకలేస్తా ఉండాదక్కా," అంది.

లేచి కొంగు దోపుకుని, వంటిల్లు ఎటని అడిగాను.